వెలిసిపోయిన ఆర్‌వీ ఫైబర్‌గ్లాస్‌కి మళ్ళీ మెరుపు తెప్పించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మోటార్‌హోమ్, క్యారవాన్ లాంటి ఆర్‌వీలు, అంటే ఇల్లులా వాడుకునే బండ్లు, ఉన్నవాళ్ళు నలుగురు కలిస్తే తప్పకుండా వచ్చే మాట ఇది. కొన్న కొత్తలో తళతళలాడిన గోడలు కొన్నేళ్ళకే సున్నం కొట్టినట్టు అయిపోయాయి, ఏం పూస్తే మెరుపు వస్తుంది? తిరిగి తిరిగి అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. పని జరిగే వరుసలోనే ప్రశ్నలు పేర్చాను గానీ, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. మెరుపు డబ్బాలోంచి రాదు. పైన చచ్చిపోయిన పొర పోయి, కింద ఉన్న గట్టి పొర నున్నబడితేనే వస్తుంది. ఆ తర్వాత పూసేదంతా దాన్ని కాపాడుకోవడానికే.

## పని మొదలుపెట్టే ముందు

గోడ మీద చెయ్యి పెడితే తెల్లపొడి అంటుకుంటోంది. ఫైబర్‌గ్లాస్ పాడైపోయినట్టేనా?

కాదు, కంగారు పడకండి. ఫైబర్‌గ్లాస్ మీద జెల్‌కోట్ అనే పొర ఉంటుంది. రంగు కలిపిన పాలిస్టర్ రెజిన్ అది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలి, తేమ కలిసి ఆ రెజిన్‌ని పైనుంచి కొద్దికొద్దిగా తినేస్తాయి. రెజిన్ పట్టు వదిలేసరికి దాన్లోని రంగు పొడిపొడిగా పైకి తేలుతుంది. మీ చేతికి అంటుకునేది అదే, దాన్నే ఆక్సిడేషన్ అంటారు. ఉపరితలమంతా కంటికి కనిపించనంత చిన్న గుంతలు పడటంతో వెలుతురు సూటిగా వెనక్కి రాకుండా అన్నివైపులా చెదిరిపోతుంది. అందుకే గోడ పాలిపోయినట్టు కనిపిస్తుంది. చాలా బండ్లలో ఈ పాడైన పొర పలచగానే ఉంటుంది, దాని కింద మంచి జెల్‌కోట్ ఇంకా ఉంటుంది.

మా బండి మీద ఉన్నది జెల్‌కోటా, పెయింటా? ఎలా తెలుసుకోవాలి?

కనిపించని మూల ఒకటి చూసుకోండి. తెల్లటి గుడ్డ మీద కొంచెం కాంపౌండ్ (గరుకు రేణువులున్న, రుద్దడానికి వాడే పేస్టు) వేసి, అరచేయంత మేర గట్టిగా రుద్దండి. గుడ్డకి గోడ రంగు అంటితే అది జెల్‌కోట్ కావచ్చు, క్లియర్‌కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) లేని పెయింట్ కావచ్చు. గోడ రంగుదే అయినా గుడ్డకి ఏమీ అంటకపోతే పైన క్లియర్‌కోట్ ఉన్నట్టు. తెల్ల గోడలకి ముదురు రంగు గుడ్డ వాడండి, లేకపోతే తేడా తెలియదు.

ఇది తెలుసుకోకుండా పని మొదలుపెట్టొద్దని అందరికీ చెబుతాను. క్లియర్‌కోట్ మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లే. అచ్చులో పోసిన ఫైబర్‌గ్లాస్ మీద జెల్‌కోట్ మామూలుగా 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్లు, అంటే దానికి దాదాపు పది రెట్లు. జెల్‌కోట్ తట్టుకునే రాపిడిని క్లియర్‌కోట్ తట్టుకోలేదు. ఇంకో సంగతి, ఒకే బండి మీద రెండూ ఉండొచ్చు. పక్క గోడలు జెల్‌కోట్‌తో వచ్చి, ముందు భాగానికి పెయింట్ వేసిన బండ్లున్నాయి. ముందు వెనక భాగాలు అసలు ఫైబర్‌గ్లాసే కాకుండా ప్లాస్టిక్‌తో చేసినవీ ఉన్నాయి. కాబట్టి ప్రతి భాగాన్నీ విడిగా పరీక్షించండి.

ఎంత లోతుగా పాడైందో తెలిసే మార్గం ఉందా?

ఉంది, నీళ్ళు చాలు. ఒక చోట తడి చేసి చూడండి. తడిగా ఉన్నంతసేపూ రంగు నిండుగా కనిపించి, ఆరగానే పాలిపోతే పాడైంది పైపైనే. కాంపౌండ్‌తో మంచి ఫలితం వస్తుంది. తడిపినా మచ్చలు మచ్చలుగా, పాలిపోయినట్టే ఉంటే ఆక్సిడేషన్ లోతుగా దిగింది, వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టాల్సి రావచ్చు. తడిపినప్పుడు లోపలి నార అల్లిక లీలగా కనిపిస్తోందంటే అక్కడ రుద్దడానికి ఇంక జెల్‌కోట్ మిగల్లేదు.

ఇంత చూశాక కూడా అనుమానంగా ఉంటే ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న గడి మాస్కింగ్ టేపుతో కట్టుకుని, మొత్తం పనిని ఆ గడిలో చేసి చూసుకోండి. టేపు తీయగానే పాతదీ కొత్తదీ పక్కపక్కన కనిపిస్తాయి. ఏ కాంపౌండ్, మెషీన్‌కి తగిలించే ఏ ప్యాడ్ సరిపోతాయో అక్కడే తేలిపోతుంది.

గోడ ఒకచోట ఉబ్బింది, కిటికీ మూలల్లో సాలెగూడు లాంటి పగుళ్ళున్నాయి. పాలిష్ చేస్తే పోతాయా?

పోవు. ఉబ్బు వచ్చిందంటే సాధారణంగా లోపలికి నీళ్ళు దిగి, ఫైబర్‌గ్లాస్ షీటు దాని వెనక ఉన్న పలక నుంచి ఊడిపోయిందని అర్థం. వేలి కణుపుతో తట్టి చూడండి, బాగున్న చోట గట్టి శబ్దం వస్తుంది, ఊడిన చోట డొల్లగా మోగుతుంది. ముందు నీళ్ళు ఎక్కడినుంచి దిగుతున్నాయో పట్టుకోవాలి. మెరుపు సంగతి ఆ తర్వాత. సన్నటి పగుళ్ళు జెల్‌కోట్ లోపలికంటా ఉంటాయి కాబట్టి ఎంత రుద్దినా పోవు, పైగా తెల్ల కాంపౌండ్ వాటిల్లో ఇరుక్కుని ఇంకా ఎక్కువగా కనబడతాయి. వాటిని కొద్దిగా తెరిచి, జెల్‌కోట్ పేస్టుతో పూడ్చి, చదును చేసి, అప్పుడు పాలిష్ చేయాలి.

మొత్తం బండి నేనొక్కడినే చేసుకోగలనా? ఎన్ని రోజులు పడుతుంది?

చేసుకోగలరు, కానీ ఒక్క రోజులో అయిపోతుందనుకోకండి. 9 మీటర్ల పొడవు, గోడ ఎత్తు రెండున్నర మీటర్లు ఉన్న బండి తీసుకుందాం. కిటికీలు, తలుపులు పోగా దాదాపు 50 చదరపు మీటర్లు మిగులుతుంది. కాంపౌండ్‌ని 60 సెంటీమీటర్ల గడులుగా వేసుకుంటూ వెళ్ళాలి కాబట్టి అవి సుమారు 140 గడులు. ఒక్కో గడికి మూడు నుంచి ఐదు నిమిషాలు వేసుకున్నా, ఒక్క విడత కాంపౌండ్‌కే 7 నుంచి 12 గంటలు. కడగడం, పాలిష్, పైపూత వేరే. రోజుకో గోడ పెట్టుకుంటే భుజాలకీ మంచిది, పనికీ మంచిది. చేతులు అలిసిపోయాక పాలిష్ చేసే మెషీన్ వంకరపడుతుంది, గీతలు పడేది అప్పుడే.

నిచ్చెన మీద నిలబడి మెషీన్ పట్టుకోవడం ప్రమాదం. అడ్డంగా నడవడానికి వీలున్న చిన్న పని బల్ల, అంటే ప్లాట్‌ఫాం, సంపాదించుకోండి. కరెంటు మెషీన్ దగ్గర నీళ్ళుంటాయి కాబట్టి ఎర్త్ లీకేజ్ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైను మీదే పనిచేయండి.

ఎండలో చేయొచ్చా?

వద్దు. చెయ్యి పెడితే గోడ చల్లగా తగలాలి. వేడి గోడ మీద కాంపౌండ్ పని మొదలవకముందే ఎండిపోతుంది, మైనం గట్టిగా అతుక్కుని తుడిస్తే రాదు, సబ్బు మరకలు కడుతుంది. 10 నుంచి 25 డిగ్రీల మధ్య, నీడలో హాయిగా సాగుతుంది. షెడ్డు లేకపోతే పొద్దున ఒక గోడ, సాయంత్రం ఎదుటి గోడ చేసుకుంటూ నీడ వెంట తిరగండి.

## కడగడం, మరకలు తీయడం

ఏ సబ్బుతో కడగాలి? ప్రెషర్ వాషర్ వాడొచ్చా?

మామూలుగా కడుక్కోవడానికి తటస్థ పీహెచ్ ఉన్న, అంటే ఆమ్లమూ క్షారమూ కాని, వాహనాల షాంపూ మంచిది. కాంపౌండ్ పనికి ముందు కడిగేటప్పుడు మాత్రం అంట్ల సబ్బు ద్రావణం వాడినా తప్పులేదు, పాత మైనం, జిడ్డు పోవడమే అప్పుడు కావాలి. పైనుంచి కిందికి కడగండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి సబ్బుకి, ఇంకొకటి గుడ్డ జాడించడానికి. ఒక్క ఇసుక రేణువు గుడ్డలో ఉండిపోయినా గోడ పొడవునా గీత లాగేస్తుంది.

ప్రెషర్ వాషర్ జాగ్రత్త. కిటికీ అంచులు, మూలల అతుకులు, లైట్ల చుట్టూ ఉన్న సీలెంట్ (సందులు మూసే పదార్థం), స్టిక్కర్ల అంచులు, వీటికి సూటిగా కొడితే నీళ్ళు గోడ లోపలికి దిగుతాయి. మెత్తటి బ్రష్షు, పైపు నీళ్ళు చాలు.

నల్ల చారలు ఎంత కడిగినా మళ్ళీ వస్తున్నాయి. ఎందుకు?

అవి పుట్టేది గోడ మీద కాదు, పైకప్పు మీద. అక్కడి దుమ్ము, రబ్బరు పైకప్పు నుంచి రాలే పొడి, పాతబడిన సీలెంట్ వానతో పాటు కిందికి జారి, నీళ్ళు దిగే దారి వెంటే చారలు కడతాయి. ఆక్సిడైజ్ అయిన జెల్‌కోట్‌కి గుంతలెక్కువ కాబట్టి మురికి వాటిల్లో కూర్చుండిపోతుంది. ముందు పైకప్పు కడగండి. నీళ్ళు జారే తూముల చివర చిన్న ముక్కులు బిగిస్తే నీరు గోడని తాకకుండా దూరంగా పడుతుంది. మిగిలిపోయిన చారలకి ఆర్‌వీల కోసం అమ్మే చారల క్లీనర్ వాడండి. కాంపౌండ్ వేశాక గోడ నున్నబడుతుంది కాబట్టి ఆ తర్వాత వచ్చే చారలు షాంపూతోనే పోతాయి.

స్క్రూల కింద గోధుమరంగు తుప్పు మరకలున్నాయి. కాంపౌండ్‌తో పోతాయా?

కాంపౌండ్ కంటే ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న క్లీనర్ బాగా పనిచేస్తుంది. తుప్పుని రుద్ది తీయదు, కరిగించి తీస్తుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని మరక మీద పూయండి, కొన్ని నిమిషాలు ఆగి, అది ఆరేలోపే ధారాళంగా నీళ్ళు పోసి కడిగేయండి. లోహపు భాగాల మీద ఎక్కువసేపు ఉండనివ్వకండి. తుప్పు పట్టిన స్క్రూని స్టెయిన్‌లెస్ స్టీల్‌ది వేసి మార్చకపోతే మరక మళ్ళీ వస్తుంది.

బండి కొన్నప్పుడే ఎవరో ఏదో పూత వేశారు. ఇప్పుడు పసుపురంగు పొట్టులా లేస్తోంది. దాని మీదే పాలిష్ చేయొచ్చా?

కుదరదు. అది ఎక్రిలిక్ పూత అయి ఉంటుంది. దాని మీద కాంపౌండ్ వేస్తే వేడికి మెత్తబడి ప్యాడ్‌కి జిగురులా అంటుకుంటుంది. ముందు ఆ పూతను పూర్తిగా తీసేయాలి. పూత తయారుచేసినవాళ్ళే అమ్మే రిమూవర్ గానీ, అమ్మోనియా ఉన్న ఫ్లోర్ స్ట్రిప్పర్ (నేల మీది పాత పాలిష్ తీసే ద్రావణం) గానీ పూసి, కొన్ని నిమిషాలు నాననిచ్చి, మెత్తటి స్క్రబ్ ప్యాడ్‌తో రుద్ది కడగాలి. పాత పొరలు చాలా ఉంటే రెండు మూడుసార్లు పడుతుంది. ఓపిగ్గా చేయాల్సిన పని.

జాగ్రత్తలు రెండు. చాలా క్యారవాన్ల కిటికీలు గాజు కాదు, ఎక్రిలిక్ అనే ప్లాస్టిక్. అమ్మోనియా గానీ ఎసిటోన్ గానీ తగిలితే వాటి లోపల వెంట్రుకల్లాంటి చీలికలు వస్తాయి, అవి ఇంక పోవు. కిటికీలని ప్లాస్టిక్ షీటుతో పూర్తిగా కప్పేయండి. రెండోది, అమ్మోనియా ఉన్నదానితో బ్లీచ్‌ని ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఎసిటోన్‌తో తుడవమంటున్నారు. మంచిదేనా?

పాత మైనం ఆనవాళ్ళు తీయడానికి, ఎసిటోన్‌తో తడిపిన గుడ్డతో త్వరగా ఒక తుడుపు తుడిస్తే జెల్‌కోట్‌కి ఏమీ కాదు. కానీ పెయింట్, స్టిక్కర్లు, ప్లాస్టిక్, రబ్బరు పైకప్పు, వీటిని ఎసిటోన్ పాడుచేస్తుంది. ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది కూడా. బండిలో గ్యాస్ ఫ్రిజ్, వాటర్ హీటర్ నడుస్తుంటే వాటి మంట గోడకి ఉన్న జాలీకి దగ్గర్లోనే ఉంటుంది. ఎసిటోన్ మూత తీసేముందే గ్యాస్ సిలిండర్ ఆపేయండి.

స్టిక్కర్లు పగిలిపోయాయి. తీసేయాలా, వాటి చుట్టూ పాలిష్ చేయాలా?

పగిలినవాటిని ఇప్పుడే తీసేయడం మేలు. మళ్ళీ ఇంత పని పెట్టుకోరు కదా. హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి, జిగురు మెత్తబడ్డాక ఒక మూల నుంచి గోడకి దాదాపు ఆనించి మెల్లగా లాగండి. రానిచోట ప్లాస్టిక్ బ్లేడు వాడండి, ఇనుప బ్లేడు జెల్‌కోట్‌ని కోసేస్తుంది. తీశాక కింద స్టిక్కర్ ఆకారం నీడలా కనిపిస్తుంది, ఎండ తగలక అక్కడి అసలు రంగు నిలిచి ఉంటుంది. కాంపౌండ్‌తో ఆ తేడా చాలామటుకు తగ్గుతుంది, కొన్నిసార్లు పూర్తిగా పోదు. అలాంటిచోట అదే ఆకారంలో కొత్త స్టిక్కర్ వేసుకోవడం తెలివైన పని.

బాగున్న స్టిక్కర్లని ఉంచుకుంటే వాటి అంచులకి టేపు వేయండి. తిరిగే ప్యాడ్ అంచుకి తగిలితే చటుక్కున లేచిపోతుంది.

టూత్‌పేస్టు, మేజిక్ స్పాంజి, డీజిల్, వంటనూనె... ఇవి పనిచేస్తాయా?

నూనె, డీజిల్ రాస్తే ఆ గుంతలు నిండి రంగు నిండుగా కనిపిస్తుంది, అచ్చం నీళ్ళు చల్లినట్టే. వారం తిరగకుండా దుమ్మంతా దానికి అంటుకుంటుంది. తర్వాత అసలు పని చేసేముందు ఆ జిడ్డంతా వదిలించుకోవాలి. టూత్‌పేస్టు అరచేయంత చోటుకి పనికొస్తుందేమో, గోడకి కాదు. మేజిక్ స్పాంజి మెత్తగా ఉన్నా నిజానికి సన్నటి గరుకు కాగితమే. మరక పోతుంది, దానితోపాటు మెరుపూ పోతుంది. కాంపౌండ్ వేయబోయే చోట మరకకి వాడుకోవచ్చు, మెరుస్తున్న చోట వాడకండి.

## రుద్దడం: వాటర్ పేపర్, కాంపౌండ్, పాలిష్

కాంపౌండ్, పాలిష్, మైనం... మూడూ ఒకటే కాదా?

కాదు. కాంపౌండ్‌లో గరుకు రేణువులుంటాయి, అది చచ్చిన పొరను కోస్తుంది. పాలిష్‌లో రేణువులు ఇంకా సన్నం, కాంపౌండ్ వదిలిన గీతలని అది నున్నగా చేస్తుంది. మైనం దేన్నీ కోయదు, పైన కప్పుగా కూర్చుంటుంది. పొడి రాలుతున్న గోడ మీద నేరుగా మైనం పూస్తే అది పొడిని పట్టుకుంటుంది గానీ గోడని పట్టుకోదు, నాలుగు వానలకి మళ్ళీ మామూలే. క్లీనర్ వ్యాక్స్, వన్ స్టెప్ అని అమ్మేవాటిలో కొంత కోసే గుణం, కొంత మైనం రెండూ ఉంటాయి. తేలికపాటి ఆక్సిడేషన్‌కి అవి సరిపోతాయి, నిజంగా సుద్దలా మారిన గోడకి చాలవు.

వాటర్ పేపర్ పట్టడం తప్పదా?

చాలా బండ్లకి అక్కర్లేదు. ముందు కాంపౌండ్, ఉన్ని ప్యాడ్‌తో ఒక గడి చేసి చూడండి. రెండు విడతలకీ మెరుపు రాకపోతే అప్పుడు 1500 లేదా 2000 నంబరు కాగితంతో (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) ప్రయత్నించండి. దానికీ లొంగకపోతే 1000కి దిగండి. ఇంకా బాగా పాడైనవాటికి 800 నుంచి మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు, కానీ ఎంత కింది నంబరుతో మొదలుపెడితే అన్ని మెట్లు మళ్ళీ ఎక్కాలి. 800 గీతలు 1000తో, 1000 గీతలు 1500తో, అవి 2000తో పోయాకే కాంపౌండ్.

కాగితాన్ని పావుగంట నీళ్ళలో నానబెట్టి, నీళ్ళలో రెండు చుక్కల షాంపూ వేసి, మెత్తటి బ్లాకుకి చుట్టి రుద్దండి. వట్టి వేళ్ళతో రుద్దితే వేలి అచ్చున గాడి పడుతుంది. ఒక నంబరు అడ్డంగా, తర్వాతి నంబరు నిలువుగా రుద్దితే పాత గీతలు పోయాయో లేదో తెలిసిపోతుంది. కారే నీళ్ళని గమనించండి. మొదట చిక్కటి పాలలా, గోడ రంగులో కారతాయి, కాగితం జిగటగా పట్టి లాగుతుంది. చచ్చిన పొర అయిపోతున్నకొద్దీ నీళ్ళు పలచబడతాయి, కాగితం గీరుతున్న చప్పుడు సన్నబడి చెయ్యి తేలిగ్గా జారుతుంది. అదే ఆపాల్సిన చోటు. క్లియర్‌కోట్ ఉన్న పెయింట్ మీద మాత్రం ఈ పని అనుభవం లేకుండా పెట్టుకోకండి.

ఏ మెషీన్ కొనాలి? రోటరీనా, డీఏనా?

రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. త్వరగా కోస్తుంది, కానీ ఒకచోట ఆగితే వేడెక్కి జెల్‌కోట్‌ని కాలుస్తుంది, గుండ్రటి గీతలు వదులుతుంది. డీఏ, అంటే డ్యుయల్ యాక్షన్ మెషీన్, తిరుగుతూనే పక్కకి ఊగుతుంది. నిదానంగా కోస్తుంది, పొరపాటు చేసినా క్షమిస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళకి నేను డీఏ మెషీనే చెబుతాను. ఊపు 15 మిల్లీమీటర్లు గానీ 21 మిల్లీమీటర్లు గానీ ఉన్నది, కాస్త బలమైన మోటారుతో తీసుకోండి. బాగా సుద్దకట్టిన పెద్ద గోడకి రోటరీ, ఉన్ని ప్యాడ్ జోడీ పని సగం చేస్తుంది, కానీ చెయ్యి తిరగాలి.

కాంపౌండ్ సరిగ్గా ఎలా వేయాలి?

60 సెంటీమీటర్ల గడి తీసుకోండి. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగైదు పెట్టండి. మెషీన్ ఆన్ చేయకుండానే ప్యాడ్‌ని గోడకి ఆనించి చుక్కలని గడి అంతా అద్దండి, లేకపోతే కాంపౌండ్ మొహాన చిమ్ముతుంది. తక్కువ వేగంలో ఒకసారి పరచండి. తర్వాత డీఏ అయితే 4 లేదా 5 నంబరు వేగం మీద, రోటరీ అయితే నిమిషానికి 1200 నుంచి 1800 చుట్ల మీద పెట్టి, అడ్డంగా ఒక విడత, నిలువుగా ఒక విడత. ప్రతి గీటు ముందు గీటుని సగం కప్పాలి. చెయ్యి కదిలే వేగం సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. చాలామంది కంగారుగా అటూ ఇటూ తుడిచేస్తారు, అందుకే మెరుపు రావట్లేదంటారు.

పని చేస్తున్నంతసేపూ కాంపౌండ్‌నే చూస్తుండండి. మొదట తెల్లగా, మందంగా ఉంటుంది. పోనుపోను పలచబడి, తడి నూనె పొరలా దాదాపు పారదర్శకం అవుతుంది. దాని వెనకనుంచి గోడ రంగు నిండుగా తేలి వస్తుంది. ఆ పొర ఆరేలోపే ఆపి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. ఆరిపోయి దుమ్ము లేస్తుంటే ఇంక కోయట్లేదు, గీరుతోంది. ప్యాడ్‌ని గోడకి సమంగా పట్టుకోండి, అంచు మీద ఒత్తకండి. మూలలు, ఉబ్బెత్తు మడతల దగ్గర జెల్‌కోట్ పలచన, అక్కడ చెయ్యి తేలిక చేయండి.

ప్యాడ్ నిమిషాల్లోనే బిగుసుకుపోతోంది. తప్పు ఎక్కడుంది?

తప్పేమీ లేదు. గోడ నుంచి లేచిన చచ్చిన జెల్‌కోట్ అంతా ప్యాడ్‌లోకే చేరుతుంది, కారు పెయింట్ కంటే చాలా ఎక్కువగా. రెండు మూడు గడులకోసారి గట్టి బ్రష్షుతో ప్యాడ్ దులపండి. ఉన్ని ప్యాడ్‌కి స్పర్ అనే పళ్ళ చక్రం దొరుకుతుంది. మొత్తం బండికి ఒక్క ప్యాడ్ ఎక్కడా చాలదు, నాలుగైదు మార్చి మార్చి వాడండి.

ఎండలో చూస్తే గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయి. మళ్ళీ మొదటినుంచి చేయాలా?

అక్కర్లేదు. అవి కాంపౌండ్ వదిలినవి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో ఒక్క విడత పోతే మాయమవుతాయి. తెల్ల గోడ మీద పెద్దగా కనిపించవు కాబట్టి చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, అది ఫర్వాలేదు. ముదురు నీలం, ఎరుపు, నలుపు భాగాలకి మాత్రం తప్పకుండా చేయండి. పని మధ్యలో టార్చి లైటు వాలుగా వేసి చూసుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

ఇంక రుద్దకూడదని ఎలా తెలుస్తుంది?

రంగు ఒకచోట పలచబడి లోపలి పసుపుఛాయ గానీ నార అల్లిక గానీ తొంగిచూస్తే వెంటనే ఆపేయండి. ప్యానెల్ వెచ్చగా కాకుండా చురుక్కుమనేలా తగిలినా ఆపి చల్లారనివ్వండి. గోడ షీట్ల మీద జెల్‌కోట్ అచ్చులో పోసిన భాగాల కంటే పలచగా ఉండొచ్చు కాబట్టి, మెరుపు నూటికి నూరు కావాలని పట్టుబట్టకుండా నూటికి తొంభై వచ్చాక వదిలేయడం మంచిది.

మెషీన్ లేకుండా చేత్తో అవుతుందా?

చిన్న మచ్చలకి, తలుపు గడియల చుట్టూ, అవుతుంది. మొత్తం గోడకి కాదు. మైనం పూయడం మాత్రం చేత్తో హాయిగా చేసుకోవచ్చు.

## పైపూత

మైనం, సీలెంట్, సిరామిక్... ఏది మంచిది?

కార్నూబా మైనం పూయడం తేలిక, నిండైన మెరుపిస్తుంది, బయట నిలిపే బండి మీద మూడు నాలుగు నెలలు ఉంటుంది. పాలిమర్ సీలెంట్ (సందులు మూసేది కాదు, మైనంలా పూసే పూత) ఆరు నెలల నుంచి ఏడాది దాకా. సిరామిక్ కోటింగ్ ఏడాది, రెండేళ్ళు, కొన్ని అంతకంటే ఎక్కువ. బోట్ల కోసం చేసిన మైనాలు జెల్‌కోట్‌కి సరిపోయేలా, ఎండని తట్టుకునేలా ఉంటాయి, దొరికితే అవే తీసుకోండి.

నా అభిప్రాయం చెప్పమంటే, ఏడాదికి రెండుసార్లు బండి చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవాళ్ళకి సీలెంట్ చాలు. సిరామిక్ గొప్పదే గానీ కింద ఏముందో దాన్నే బంధించి పెడుతుంది. గీతలుంటే గీతలు, మచ్చలుంటే మచ్చలు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. వేసేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ద్రావణంతో పాలిష్ నూనెలన్నీ తుడిచేయాలి, లేకపోతే పట్టు దొరకదు. వేసేటప్పుడు చిన్న చిన్న భాగాలుగా పూసి, సమయానికి తుడవాలి. ఆలస్యమైతే గట్టిపడి మళ్ళీ పాలిష్ చేస్తే గానీ పోదు.

ఫ్లోర్ పాలిష్ లాంటి ఎక్రిలిక్ పూత వేస్తే మెషీన్ పనే అక్కర్లేదంటున్నారు. నిజమా?

సగం నిజం. బాగా కడిగి, ఆక్సిడేషన్‌ని స్క్రబ్ ప్యాడ్‌తో తీసేసి, పలచటి పొరలు నాలుగు నుంచి ఆరు వేస్తే గుంతలు నిండి గోడ నిజంగానే మెరుస్తుంది. భుజం నొప్పి ఉన్నవాళ్ళకి, జెల్‌కోట్ అరిగిపోయి రుద్దడానికి వీల్లేని బండ్లకి ఇది మంచి దారి. అయితే ఇది మెరిసే కొత్త పొర మాత్రమే. ప్రతి ఏడాదీ ఒకటి రెండు పొరలు వేస్తూ ఉండాలి. పొడి సరిగ్గా తీయకుండా వేస్తే పొట్టులా లేస్తుంది, వదిలేస్తే పసుపు పడుతుంది. అప్పుడు మొత్తం స్ట్రిప్పర్‌తో తీయాల్సిందే. కాంపౌండ్‌కి లొంగే గోడ ఉంటే కాంపౌండే చేయమంటాను.

పెయింట్ వేయించడమే మంచిదని ఎప్పుడు అనుకోవాలి?

తడిపితే నార కనిపించే చోట్లు చాలా ఉన్నప్పుడు, క్లియర్‌కోట్ పొలుసులుగా ఊడుతున్నప్పుడు. ఊడుతున్న క్లియర్‌కోట్‌ని ఏ పాలిషూ వెనక్కి తేలేదు. రెండు భాగాలుగా కలిపే పాలీయురెథేన్ పెయింట్ ఫైబర్‌గ్లాస్ మీద బాగా నిలుస్తుంది. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం కాబట్టి స్ప్రే చేసే పని సరైన గాలి సరఫరా మాస్కులున్న షాపుకే వదిలేయండి.

## తర్వాత చూసుకోవడం

ఇంత కష్టపడ్డాక ఈ మెరుపు ఎన్నాళ్ళుంటుంది?

పైపూత ఉన్నన్నాళ్ళూ. నీళ్ళు చల్లినప్పుడు ముత్యాల్లా విడివిడిగా నిలిచి జారిపోతే పూత ఉన్నట్టు. గోడంతా పలచటి రేకులా పరుచుకుంటే అయిపోయినట్టు, అప్పుడు కడిగి మళ్ళీ పూయండి. పొడి మళ్ళీ మొదలయ్యేదాకా ఆగకండి. ముందు భాగం, ఎక్కువ ఎండ పడే వైపు త్వరగా అరుగుతాయి. ఆ రెండింటికీ మిగతావాటికంటే ముందే పూసుకుంటే కాంపౌండ్ అవసరం ఏళ్ళ తరబడి రాదు.

కవర్ కప్పి ఉంచితే సరిపోదా?

ఎండని ఆపడానికి దాన్ని మించింది లేదు, నీడనిచ్చే షెడ్డు అయితే ఇంకా మేలు. గాలి ఆడే గుడ్డ కవర్ తీసుకోండి. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది. వదులుగా ఉన్న కవర్ గాలికి కొట్టుకుంటూ దుమ్ముతో గోడని రాపాడిస్తుంది, కాబట్టి మురికి బండి మీద కప్పకండి, తాళ్ళు బిగించండి.

పైకప్పు కూడా ఫైబర్‌గ్లాసే. దానికీ ఇదంతా చేయాలా?

కడగండి, చాలు. జారుడు మైనం అక్కడ పూయకండి, తర్వాత ఏదో పనికి పైకెక్కినప్పుడు తడిలో కాలు నిలవదు. ఎండ రక్షణ కావాలంటే ఫైబర్‌గ్లాస్ కప్పుల కోసమే చేసిన తెల్లటి పూతలున్నాయి. పైకెక్కినప్పుడు గాలి గొట్టాలు, స్కైలైట్, యాంటెన్నా చుట్టూ సీలెంట్‌ని వేలితో నొక్కి చూడండి. గట్టిపడి పగిలినా, అంచు లేచినా గోడల పని మొదలుపెట్టకముందే దాన్ని బాగుచేయండి. సిలికోన్ మాత్రం వాడకండి, దాని మీద తర్వాత ఇంకే సీలెంటూ అతుక్కోదు.